పిట్టల కోసం మూసిన కిటికీ

నాలుగేళ్ళ కిందట మన రాయపూరు తెలుగువాళ్ళ సంఘం వార్షిక సంచికలో నేనొక వ్యాసం రాశాను. క్షయ వచ్చి మంచం పట్టిన చలికాలంలో, పెరట్లోకి వచ్చే పిట్టలను చూస్తూ నేనెలా కోలుకున్నానో అందులో చెప్పాను. చాలామంది బాగుందన్నారు. ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళల్లో జబ్బుపడ్డవాళ్ళకు చదివి వినిపించామని కూడా అన్నారు. అందులో మా అక్క గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. 'తిల్దా నుంచి వచ్చిన మా అక్క ద్వారా నాకు ఈ జబ్బు సోకింది.' ఆ వాక్యం అబద్ధం. తెలిసే రాశాను. అందుకే ఇప్పుడు మొదటినుంచి మళ్ళీ చెబుతున్నాను.

ఆమె పేరు పైడమ్మ. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. మాది శ్రీకాకుళం వైపు కాబట్టి అక్కను అప్ప అని పిలిచేవాణ్ణి.

1991 దసరా వెళ్ళాక నాకు జ్వరం మొదలైంది. సాయంత్రం అయిదయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. తెల్లారేసరికి చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకునేది. అప్పుడు నేను ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో సూపర్‌వైజర్ని. వెల్డింగు పొగ పడలేదనుకున్నాను. దగ్గు మాత్రం అంతకు ముందు ఎండాకాలం నుంచే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నా భార్య పద్మకు తెలుసు. నవంబరు మొదట్లో ఒక పొద్దున్న కుళాయి దగ్గర ఉమ్మితే ఎర్రగా పడింది.

ప్రభుత్వాసుపత్రిలో ఛాతీ రోగుల వరండాలో మూడు రోజులు తిరిగాను. ఉమ్మి పరీక్షకు ఒక రోజు, ఎక్స్‌రేకు ఒక రోజు, ఫలితానికి ఒక రోజు. అక్కడ సిమెంటు బల్లల మీద జనం ఒకరి మొహం ఒకరు చూడకుండా, తువ్వాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. రెండో రోజు నేను నిలబడలేకపోతుంటే ఒక పల్లెటూరి ముసలాయన జరిగి చోటిచ్చాడు. "బైఠ్ జా బాబూ, ఇహా సబో ఝన్ ఏకే జాత్ కే హన్" అని నవ్వాడు. కూర్చో బాబూ, ఇక్కడ అందరిదీ ఒకటే కులం అని. ఆయన నోటి గాలి తగులుతుందని నేను దూరంగా వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పటికి నా ఫలితం కూడా తేలిపోయినట్టే. అయినా నేను వేరే, వాళ్ళు వేరే అనుకున్నాను.

డాక్టరు కుర్రవాడు. నా ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "యే ఆజ్ కా నహీ హై. ఛే-సాత్ మహీనే పురానా హై" అన్నాడు. ఇవాళ్టిది కాదు, ఆరేడు నెలల నాటిదని. రోజూ సూది, మాత్రలు, మధ్యలో మానకూడదు, పిల్లను వేరే గదిలో పడుకోబెట్టాలి అని చెప్పాడు. లేచి వస్తుంటే ఇంకొకటి చెప్పాడు. "ఖిడ్కీ ఖులీ రఖ్‌నా. ఠండ్ లగే తో కంబల్ ఓఢో, ఖిడ్కీ బంద్ మత్ కర్‌నా." చలేస్తే కంబళి కప్పుకోమన్నాడు గానీ కిటికీ మాత్రం మూయొద్దన్నాడు. ఈ మాట నేనూ పద్మా ఇద్దరం విన్నాం.

షెడ్డులో మధ్యాహ్నం పదిమందిమి గుండ్రంగా కూర్చుని ఒకరి డబ్బాలోది ఒకరం తినేవాళ్ళం. క్షయ అని తెలిస్తే ఆ వరసలోకి మళ్ళీ రానివ్వరు, కుర్చీ కూడా ఉండదు. అందుకని 'ఊపిరితిత్తుల్లో నీరు చేరింది' అని కబురు పంపాను. మోవాలో మా ఇల్లు నాలుగిళ్ళ వరస. అందరికీ ముందువైపు ఒకటే కుళాయి. నా దగ్గు ఆ కుళాయి దాకా వినిపించకూడదని వెనక గదిలో పడుకుని తలుపు వేయించుకున్నాను. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ పెరటి వైపు.

నవంబరు నెలాఖరులో అప్ప వచ్చింది. మా బావ తిల్దాలో బియ్యం మిల్లు హమాలీ. ఆరేళ్ళ ముందు బస్తాల దొంతర తన మీద కూలి చనిపోయాడు. పిల్లలు లేరు. ఆమె మరిది ఇంట్లో ఒక గదిలో ఉంటూ అదే మిల్లు కళ్ళంలో చెరిగే పని చేసుకునేది. పద్మ రాసిన కార్డు అందగానే బయలుదేరింది. బస్సు దిగిన చోటినుంచి మా ఇంటిదాకా నూకల బస్తా నెత్తిన మోసుకొచ్చింది. ఆ బస్తాను ఆ తరవాత పద్మ, నేను కలిసి కూడా జరపలేకపోయాం. వచ్చిన రోజున మా అప్ప ఆరోగ్యం అది.

"ఏటిరా ఇలాగయిపోనావు? ఎండు కర్రలాగున్నావు" అంది గుమ్మంలో నిలబడి.

పద్మ ఆమెను పక్కకు తీసుకెళ్ళి అసలు జబ్బేమిటో చెప్పింది. "పిల్ల చిన్నది వదినా. నాకు భయంగా ఉంది."

"నువ్వు పిల్లతోటి ముందర గదిలో పడుకో. ఈడికి నేనున్నాను. నాకేటవుద్ది? మిల్లు ఊక తిని బతికినదాన్ని."

నా మంచం పక్కన కిటికీ కింద చాప వేసుకుంది.

జబ్బు మనిషిని మెత్తబరుస్తుందని అంటారు. నన్ను మెత్తబరచలేదు. సూది పొడిచిన చోట గడ్డలు కట్టేవి. మాత్రలకు మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం వాసనకు కడుపులో తిప్పేది. ముందు గదిలో నా అయిదేళ్ళ కూతురు నవ్వితే పళ్ళు కొరికేవాణ్ణి. వాళ్ళు బాగున్నారు, నేను బాగాలేను, అంతే నా ఆలోచన. ఆరోగ్యంగా ఉన్న ప్రతివాడూ నా దగ్గర ఏదో దొంగిలించినట్టు ఉండేది.

అలాంటప్పుడు పిట్టలు వచ్చాయి. అప్ప నూకల్లో రాళ్ళేరి, పొడి పెరట్లో జల్లేది. దానికి పిచ్చుకలు, జీనువాయిల్లాంటి చిన్న పిట్టలు దిగేవి. బొప్పాయి పండు చెట్టునే పగిలితే పిగిలిపిట్టలు జంటగా వచ్చి పొడుచుకు తినేవి. కుళాయి నీళ్ళు పారే కాలవ పక్కన, ఇక్కడివాళ్ళు ఖంజన్ అనే కాటుకపిట్ట తోకాడిస్తూ పరుగెత్తేది. డిసెంబరు మొదట్లో నూనెబుడ్డిగాడు వచ్చాడు. మా అమ్మ ఆ పిట్టను అలా పిలిచేది. ఒళ్ళంతా నూనె మసి పూసినట్టు నలుపు, కడుపూ తోకా మాత్రం నిప్పు రంగు. తోక ఎప్పుడూ వణుకుతూ ఉంటుందని ఇక్కడివాళ్ళు థిర్థిరా అంటారు. చలితో పాటు వచ్చి, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతుంది. దాన్ని చూస్తున్నంతసేపు నాకు దగ్గు కూడా గుర్తుండేది కాదు. ఇంతవరకు పాత వ్యాసంలో రాసింది నిజమే.

రాయనిది ఇది. కిటికీ తెరిచి ఉంటే ఆ పిట్ట ప్రహరీ గోడ దాటి వచ్చేది కాదు. లోపల మనుషుల కదలిక దానికి కనిపించేది. ఒకరోజు ఈదురుగాలి వీస్తే అప్ప కాసేపు అద్దాల రెక్కలు మూసింది. మూసిన పది నిమిషాలకు నూనెబుడ్డిగాడు కిటికీ గట్టు మీదే వాలాడు. నా మొహానికి మూరెడు దూరం. కంటి చుట్టూ ఉన్న వెంట్రుకల్లాంటి ఈకలు కూడా కనిపించాయి.

గాలి తగ్గాక అప్ప రెక్కలు తెరవబోతే వద్దన్నాను.

"డాక్టరుగారు తెరిసి ఉంచమన్నారంట గదా. పద్మ సెప్పింది."

"తెరిస్తే పిట్ట రాదు."

"పిట్టదేటుందిరా? గాలాడొద్దా?"

"గాలి కావాలంటే నువ్వు బయట పడుకో."

ఆమె నవ్వేసింది. "సర్లే మారాజా, నీ పిట్టకే పట్టాభిషేకం" అని వదిలేసింది.

పద్మ వదల్లేదు. వచ్చి రెండుసార్లు తెరిచింది. నేను మందు మింగనని భీష్మించుకున్నాను. రెండు రోజులు నిజంగానే మింగలేదు, సూదికి కూడా వెళ్ళలేదు. మధ్యలో మానితే ప్రాణం మీదకొస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు, దాన్నే నేను వాడుకున్నాను. మూడో రోజు పొద్దున్న అప్పే లేచి రెక్కలు మూసి గడియ పెట్టింది. "పద్మా, ఒగ్గీమ్మా. ఆడు బతకాల ముందు" అంది.

ఆ రోజునుంచి జనవరి నెల దాటేవరకు ఆ కిటికీ మూసే ఉంది. తలుపూ మూసే ఉంది. ఆ గదిలో నేను దగ్గేవాణ్ణి, మా అప్ప ఊపిరి పీల్చేది.

నూనెబుడ్డిగాడు నూకలు తినడు, పురుగులు కావాలి. అప్ప తెల్లవారకముందే లేచి పెరటి మూల పాత దూలం చెక్కలు ఎత్తి చెదపురుగులు ఏరేది. మంచుకు ఆమె వేళ్ళు కొంకర్లు పోయేవి. చిప్పలో తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి, లోపలికొచ్చి నా మంచం పక్కన కదలకుండా కూర్చునేది. కదిలితే నేనూరుకునేవాణ్ణి కాదు. మంచం పక్కన ఒక వెదురు కర్ర ఉండేది. దాంతో ఆమె భుజం మీద పొడిచేవాణ్ణి. ఆమె ఒక్కోసారి రెండేసి గంటలు అలా బొమ్మలా కూర్చుంది.

జనవరి సగంలో ఆమెకు దగ్గు మొదలైంది. మొదట కొంగులోకి దగ్గేది. "ఊక ధూళిలే" అనేది. మిల్లు వదిలి వచ్చి అప్పటికే నెలన్నర దాటింది. నాకు ఆ లెక్క తట్టింది, తట్టీ పక్కన పెట్టాను. దానికి బదులు, పిట్ట వాలే సమయం చూసి కావాలనే దగ్గుతోందని నమ్మడం నాకు తేలికగా ఉండేది.

ఒక పొద్దున్న బాగా చలి. నూనెబుడ్డిగాడు ఈకలు ఉబ్బించుకుని బంతిలా గట్టు మీద కూర్చున్నాడు. అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. అప్ప నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇక ఆపుకోలేక ఒక్కసారి దగ్గింది. పిట్ట ఎగిరిపోయింది. నా చేతిలో స్టీలు గ్లాసు ఉంది. విసిరాను. ఆమె కనుబొమ్మ చిట్లింది.

చప్పుడుకు పద్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినా?"

"ఏటీ లేదు. గ్లాసు కాలికి తగిలి పడిపోనాను."

పద్మ నా వైపు చూసింది. "కాలికి తగిలిన గ్లాసు కనుబొమ్మ దాకా ఎగిరిందా వదినా? మహిమగల గ్లాసే."

నేను పిట్ట మళ్ళీ వస్తుందేమోనని కిటికీ వైపు చూస్తున్నాను.

జనవరి చివరకు అప్ప దగ్గు కుళాయి దగ్గర అందరికీ వినిపించింది. నా దగ్గును గదిలో దాచగలిగాం, నీళ్ళు పట్టే మనిషి దగ్గును దాచలేకపోయాం. మా పక్కింట్లో రిటైరైన రైల్వే గార్డుగారి భార్య ఉండేవారు, తెలుగావిడే. ఒకరోజు గుమ్మంలోకి వచ్చి పద్మను నిలదీశారు.

"మీ ఆడపడుచుకి ఏంటమ్మా ఆ దగ్గు? పొద్దున్న రక్తం కూడా చూశాను. పిల్ల తిరిగే ఇల్లు కదా. మీ ఆయనకీ అదేనా?"

జవాబు నేనిచ్చాను, వెనక గదిలోంచి, ఆవిడకు బాగా వినిపించేలా.

"మా అప్పకి టీబీ అండీ. తిల్దాలో తగిలించుకుని వచ్చింది. మా బావ కూడా దగ్గి దగ్గే పోయాడు. ఇప్పుడు నాకూ అంటించింది."

అప్ప అక్కడే పీట మీద కూర్చుని బొప్పాయి ముక్కలు కోస్తోంది, పిగిలిపిట్టల కోసం. కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

"అయ్యో, తమ్ముడి ఇంటికి వచ్చేముందు చెప్పొద్దమ్మా?" అన్నారు గార్డుగారి భార్య.

"నాకు తెలీలేదమ్మా" అంది అప్ప. తలెత్తలేదు.

ఆ సాయంత్రానికి నాలుగిళ్ళకూ, వారానికి ఉర్లా దాకా, పది రోజులకు తిల్దాకూ ఆ మాట చేరింది. నా మీద జాలిపడ్డారు. అక్కను ఆదుకోబోయి జబ్బు తెచ్చుకున్నాడన్నారు. మేనేజరు కబురు పంపాడు, నీ కుర్చీ ఎక్కడికీ పోదు, నయం చేసుకుని రా అని. మా ఇంట్లో ఒక పళ్ళెం అడుగున మేకుతో గుర్తు కొట్టారు. అది అప్ప పళ్ళెం. మూడు నెలలుగా ఆ ఇంట్లో క్షయతో మంచాన ఉన్న నా పళ్ళేనికి ఎవరూ గుర్తు పెట్టలేదు.

ఫిబ్రవరిలో ఆమెను తిల్దా పంపేశాను. పంపింది నేనే. పద్మ వద్దంటే, 'పిల్లకు అంటితే నీదే పూచీ' అన్నాను. అక్కడ మరిది వాళ్ళు ఇంట్లోకి రానివ్వలేదు, పశువుల కొట్టంలో పడుకోబెట్టారు. మిల్లు పనిలోంచి తీసేశారు. నెల తిరక్కుండా రక్తం కక్కుకుంటూ మళ్ళీ రాయపూరుకే వచ్చింది, ఆసుపత్రి వార్డుకు.

మార్చిలో నేను ఒకే ఒక్కసారి వెళ్ళాను. అప్పటికి నాకు జ్వరం పోయి, బరువు కాస్త పెరిగింది. పరామర్శకు వెళ్ళలేదు. రోగులకు జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అడిగి కేసు కాగితంలో రాస్తారని విన్నాను. ఆమె నా పేరు చెబితే ఆ మాట బయటికి పొక్కుతుందని భయం.

నన్ను చూడగానే, "పిల్లకేటైనా దగ్గుందా?" అని అడిగింది.

"లేదు."

"మందులేసుకుంటన్నావా?"

"ఆఁ. అప్పా, డాక్టరు అడిగితే నీకు దగ్గు తిల్దాలోనే మొదలైందని చెప్పు."

"అదే గదా ఊరందరికీ సెప్పినావు."

"ఈయన కాగితం మీద రాస్తాడు."

"రాసుకోనీ. కాగితానికేటి, జబ్బొస్తాదా?"

డాక్టరు వచ్చాడు. నన్ను చూసిన కుర్రవాడు కాదు, ఇంకొకాయన. "ఖాంసీ కబ్ సే హై, అమ్మా?" అన్నాడు.

"బహుత్ పహలే సే. తిల్దా సే" అంది మా అప్ప. ఎప్పటినుంచో, తిల్దా నుంచే అని.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాక ఆమె గోడ వైపు తిరిగింది. "ఇంక రాకురా. ఎవులైనా సూస్తే నీ ఉజ్జోగానికి దెబ్బ" అంది. ప్రేమతో అందో, ఎత్తిపొడిచిందో నాకు ఈరోజుకీ తెలియదు. నాకు కావలసిన అర్థం తీసుకుని మళ్ళీ వెళ్ళలేదు.

పద్మ రోజు మార్చి రోజు బస్సులో గంజి, అన్నం పట్టుకెళ్ళేది. నేను పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. వెళ్ళిపోయే ముందు నూనెబుడ్డిగాడు పాడాడు. చలికాలమంతా టిక్కు టిక్కు అనడం తప్ప నేనెరగను. ప్రహరీ మీద కూర్చుని సన్నగా, గొంతు సవరించుకుంటున్నట్టు పాడాడు. పద్మ వచ్చేసరికి నేను సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి చెప్పాను. ఆమె ఖాళీ డబ్బా కింద పెట్టి, "వదిన ఇవాళ కూడా మీ గురించి అడగలేదు" అంది.

ఏప్రిల్లో అప్ప పోయింది. తిల్దా నుంచి ఎవరూ రాలేదు. నేనే తలకొరివి పెట్టాను. శ్మశానంలో మనవాళ్ళు ఒకరు నా వీపు నిమిరి, "జబ్బంటించిన అక్కకి కూడా కొరివి పెట్టావు. దేవుడివయ్యా" అన్నారు. నేను తల వంచుకున్నాను. దాన్ని దుఃఖమనుకున్నారు. నాకు ఆ మాట బాగానే ఉంది, అదీ నిజం.

ఆ తరవాత ఎనిమిదేళ్ళు ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. పైగా వ్యాసం రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. మొన్న చలికాలంలో మా అమ్మాయి తన స్నేహితురాలికి చెబుతుంటే విన్నాను. "మా మేనత్తే మా నాన్నకి టీబీ అంటించింది. చెప్పకుండా వచ్చేసి మా ఇంట్లో తిష్ఠ వేసిందట." ఆ 'తిష్ఠ వేసింది' అన్న మాట గార్డుగారి భార్యది. పద్మ పొయ్యి కట్టేసి వచ్చి నా ముందు నిలబడింది.

"మీరు చెప్తారా, నేను చెప్పనా?"

నేనే చెప్పాను. మా అమ్మాయి చివరిదాకా విని లేచి వెళ్ళింది. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, కావలసినంత మటుకే. అబద్ధం ఎక్కడ అచ్చువేశారో నిజమూ అక్కడే వేయమని పద్మ అంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే భయపడకండి. మందు మానకపోతే తగ్గుతుంది, నాకు తగ్గింది. పళ్ళేలకు గుర్తులు పెట్టడం మీద కాదు, గాలి మీద దృష్టి పెట్టండి. రోగి అరిచినా, అలిగినా, మందు మింగనని బెదిరించినా కిటికీ తెరిచే ఉంచండి. పక్కన ఉండి చేసేవాళ్ళు దగ్గితే, ఆ రోజే పరీక్షకు తీసుకెళ్ళండి. మా అప్పను నేను జనవరిలో తీసుకెళ్ళి ఉంటే ఆమె బతికేది. ఆసుపత్రికి వెళ్ళే దారి నాకు తెలుసు, రోజూ సూదికి ఆమెనే తోడు తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె వరండాలో కూర్చునేది.

పైడమ్మ ఆరోగ్యంగా తిల్దా నుంచి వచ్చింది. మా ఇంట్లో, నా వల్ల జబ్బుపడింది. తిల్దాలో ఆమె మరిది కుటుంబానికి కూడా ఈ సంచిక పంపుతున్నాను.

ఇంతవరకు రాసి పద్మకు ఇచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వెనక్కీ ముందుకీ తిప్పుతూ రెండుసార్లు చదివింది.

"ఇందులో కూడా పిట్టల గురించే ఎక్కువ రాశారు" అంది. "ఏ పిట్ట ఏం తింటుందో అంతా ఉంది. వదిన ఏం తినేదో ఒక్క ముక్క లేదు."

"నాకు తెలీదు" అన్నాను.

"అదే రాయండి."

అదే రాస్తున్నాను. మా అప్ప మా ఇంట్లో రెండు నెలలకు పైగా నా పక్కనే ఉంది. ఆ రోజుల్లో ఆమె ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో నాకు తెలియదు.